స్టూళ్లు అడిగిన పదకొండు మంది: అనంతపురం బట్టల వ్యాపారులకు ఒక బహిరంగ లేఖ

వ్యాపార మిత్రులకు, పెద్దలకు నమస్కారం.

పోయిన నెల మన సమావేశంలో చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్నవాణ్ణి నేను. టీ రెండుసార్లు తాగాను, బిస్కట్లు తిన్నాను, నోరు మాత్రం విప్పలేదు. ఆ సాయంత్రం ఒక కాగితం చేతులు మారింది. దాని మీద పదకొండు పేర్లున్నాయి. మన ఊళ్లోని ఒక పెద్ద షోరూములో పనిచేస్తూ, ఆషాఢం తగ్గింపు అమ్మకాలు మొదలయ్యే ముందు యజమానికి వినతిపత్రం ఇచ్చినవాళ్ల పేర్లవి. తొమ్మిది మంది ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. వాళ్లు అడిగినవి నాలుగు. కౌంటరు వెనక కూర్చోవడానికి స్టూళ్లు. పండుగ నెలల్లో కూడా వారానికొక సెలవు. జీతం ఎంత, కోత ఎంత అని రాసిన చీటీ. రాత్రి తొమ్మిది దాటితే బస్టాండు దాకానైనా చేర్చే ఏర్పాటు. అయిదో వాక్యం కోరిక కాదు, కబురు: మేము సంఘం పెట్టుకోబోతున్నాము.

మొదటి నాలుగూ చదువుతున్నప్పుడు హాల్లో నవ్వులు వినిపించాయి. అయిదోది చదవగానే నవ్వు ఆగిపోయింది. ఈ పేర్లున్నవాళ్లు ఎవరు పని అడిగి వచ్చినా మనలో ఎవరూ పెట్టుకోకూడదని ఒకరన్నారు, సరేనని పదిమంది అన్నారు. తీర్మానాల పుస్తకంలో మాత్రం ఎక్కించలేదు. రాస్తే చట్టానికి దొరుకుతామని తెలిసే రాయలేదు. నేను సరే అనలేదు, వద్దని కూడా అనలేదు. అలాంటి చోట ఊరకున్నవాణ్ణి ఒప్పుకున్నవాడి కిందే లెక్కేస్తారు. ఆ రోజు మింగిన మాటలను ఇప్పుడు రాస్తున్నాను. సమావేశంలో చెప్పవలసింది పదిమందిలో ఎందుకు పెడుతున్నావని అడగవచ్చు. ఆ పదకొండు మందికి ఆ సమావేశంలో చోటు లేదు కాబట్టి.

నా గురించి రెండు మాటలు, కొత్తగా వచ్చినవాళ్లకు తెలియకపోవచ్చు. 1986లో పదహారేళ్ల వయసులో పాతూరులోని ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా కుదిరాను. వేరుశెనగ మూడేళ్లు వరసగా ఎండిపోతే మా నాన్న నన్ను బస్సెక్కించాడు. పద్నాలుగేళ్లు ఆ దుకాణంలో చీరలు మడతపెట్టి, 2000లో సొంత దుకాణం తెరిచాను. ఇప్పుడు నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. అంటే గల్లా పెట్టెకు రెండు వైపులా ఎలా ఉంటుందో నాకు తెలుసు.

స్టూళ్ల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ నవ్వింది దానికే.

నేను పనిలో చేరినప్పుడు మన దుకాణాలు ఎలా ఉండేవో మీలో వయసు మళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి. సోమవారం ఉతికింది శనివారానికి గోధుమరంగుకు తిరిగేది. కొనేవాళ్లు చెప్పులు బయట వదిలి వచ్చి పరుపు మీద కూర్చునేవాళ్లు. వాళ్లకు ఎదురుగా మేము కూర్చునేవాళ్లం. సాహుకారు గల్లా పెట్టె ముందు కూర్చునేవాడు. అరల్లోంచి చీరలు అందించే కుర్రాడు ఒక్కడే లేచేవాడు, కూర్చునేవాడు. అమ్మేవాడు కూర్చుంటే అమర్యాద అని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. కూర్చుని చూపిస్తేనే చీర ఒడిలో పడుతుంది, ఒడిలో పడితేనే అమ్ముడుపోతుంది అని మా సాహుకారు అనేవాడు.

తరువాత గాజు కౌంటర్లు వచ్చాయి. వాటితో పాటే కొనేవాళ్లకు కుర్చీలు, అమ్మేవాళ్లకు నిలువుకాళ్లు వచ్చాయి. ఇదేదో తాతల నాటి క్రమశిక్షణ అయినట్టు మాట్లాడుకుంటున్నాం గానీ, దీని వయసు ముప్పై ఏళ్లు మించదు. నిలబెట్టడమే కొత్త. ఆ పిల్లలు పాత ఆచారాన్నే అడుగుతున్నారు.

మొన్న మాఘమాసంలో మా బావమరిది కూతురి పెళ్లి బట్టలకు ఆ షోరూముకే వెళ్లవలసి వచ్చింది. నా దుకాణం ఉండగా అక్కడికెందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది, అది వేరే బాధ. తొమ్మిది మందిమి వెళ్లాం. పట్టుచీరల కౌంటరు దగ్గర ఇరవై రెండేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి. నేను కొనడానికి వెళ్లినవాణ్ణి కాదు కదా, ఊరికే కూర్చుని లెక్కపెట్టాను. అలవాటు. తొంభై ఆరు చీరలు విప్పింది. ఒక్కొక్కటి విప్పి, కొంగు పరిచి, అంచు భుజం మీద వేసుకుని చూపించి, మళ్లీ అంచు బయటికి కనిపించేలా, జరీ విరగకుండా మడతపెట్టడం. ధర్మవరం చీర బరువు మీకు చెప్పనక్కరలేదు. మా వాళ్లు ఏడు తీసుకున్నారు. అరవయ్యో చీర దగ్గర నుంచి ఆ అమ్మాయి ఒంటికాలి మీద బరువు వేసి, రెండో కాలి మడమతో పిక్కను రుద్దుకోవడం మొదలుపెట్టింది. నవ్వు మాత్రం ముఖం మీద నుంచి కదలలేదు. మేము లేచేసరికి నాలుగూ పది. అప్పుడు టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లబోతుంటే సూపర్‌వైజర్ వచ్చి, ముందు ఆ కుప్ప సర్దు అన్నాడు. ఎనభై తొమ్మిది చీరల కుప్ప.

ఆ పదకొండు పేర్లలో ఆ అమ్మాయి పేరు ఉందో లేదో సమావేశంలో ఆ కాగితం చూసినప్పుడు నాకు తెలియదు.

కేరళలో ఇలాగే కోళికోడ్ మిఠాయి వీధిలో మొదలైంది. అక్కడ బట్టల దుకాణాల ఆడవాళ్లు మొదట అడిగింది స్టూలు కూడా కాదు, మరుగుదొడ్డి. అది లేకపోతే నీళ్లు తక్కువ తాగండి అనే జవాబు వచ్చేదట. పి. విజి అనే దర్జీ పనిచేసే ఆమె 2009లో వాళ్లను కూడగట్టి పెన్‌కూట్టు అనే బృందం పెట్టింది. కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి తిరిగితే, చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చునే వీలు కల్పించడం యజమాని బాధ్యత అని రాసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. దక్షిణాది జౌళి వ్యాపారానికి పేరుమోసిన ఆ రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలు మూతపడలేదు, చీరల అమ్మకమూ ఆగలేదు. ఇంగ్లండులో అయితే దుకాణాల్లో పనిచేసే ప్రతి ముగ్గురు ఆడవాళ్లకు ఒక ఆసనం ఉండాలని 1899లోనే చట్టం చేశారు. విక్టోరియా రాణి బతికున్న రోజుల్లో తేలిపోయిన సంగతికి మనం ఇంకా నవ్వుతున్నాం.

ఇక ఆ అయిదో వాక్యం.

సంఘం అనే మాట వినగానే మనకెందుకంత ఉలికిపాటు? మనం కలుసుకున్నది సంఘం సమావేశంలోనే కదా. 2012 సెప్టెంబరు 20 గుర్తుందా? చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడిని 51 శాతం దాకా రానిస్తామని కేంద్రం ప్రకటిస్తే దేశమంతా బంద్ జరిగింది. ఆ రోజు నేనూ షట్టరు దించాను. ఆ బంద్‌కు పిలుపునిచ్చినవాళ్లలో ఎర్రజెండా పార్టీలూ ఉన్నాయి, కాషాయ జెండా పార్టీ కూడా ఉంది. అప్పుడు మనకు ఏ జెండా రంగూ అడ్డం రాలేదు. 2021 నవంబరులో బట్టల మీద జీఎస్టీ 5 నుంచి 12 శాతానికి పెంచుతూ నోటిఫికేషన్ వచ్చింది, కొత్త సంవత్సరం నుంచి అమలన్నారు. దేశం నలుమూలలా జౌళి వ్యాపారుల సంఘాలు గోల పెడితే, సరిగ్గా డిసెంబరు 31న జీఎస్టీ కౌన్సిల్ దాన్ని వాయిదా వేసింది. ఒక్కొక్కరం విడివిడిగా అర్జీలు పెట్టుకుని ఉంటే ఢిల్లీలో ఎవరు చదివేవారు? ఆ రాత్రి మనం మిఠాయిలు పంచుకున్నాం. పదిమంది ఒకచోట చేరి ఒకే మాట అంటే ఎంత పని జరుగుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. బహుశా మన భయం అక్కడే ఉంది.

ఇంకో సంఘం సంగతి. అది మన గుమ్మంలోనే ఉంటుంది కాబట్టి కనిపించదు. సూరత్ నుంచి, ఈరోడ్ నుంచి లారీలో పార్శిళ్లు వస్తాయి. దించేది హమాలీలు. వాళ్లకు యూనియన్ ఉంది. బేలుకు ఇంత, మేడ మీదికి ఎక్కిస్తే ఇంత అని రేటు ఉంటుంది. గడువు తీరగానే వాళ్ల పెద్దలు నలుగురు వస్తారు, మన పెద్దలు నలుగురు కూర్చుంటారు, గంటసేపు అరుచుకుంటారు, మధ్యలో టీ వస్తుంది, వాళ్లు అడిగినదానికీ మనం ఇస్తామన్నదానికీ నడుమ ఎక్కడో తెగుతుంది. నేను చూస్తుండగా ఇది కనీసం పదిసార్లు జరిగింది. ఒకసారి రెండు రోజులు పని ఆపారు, నిజమే. మూడో రోజు లారీ దిగింది. హమాలీ సంఘం వల్ల ఏ దుకాణమూ దివాలా తీయలేదు. పైగా మనకు ఒక సుఖం ఉంది. రేటు అందరికీ ఒకటే కాబట్టి, పక్క దుకాణం వాడు తక్కువిచ్చి మనకంటే చవగ్గా అమ్ముతాడనే బెంగ లేదు.

బేలును గుమ్మం దాకా మోసినవాడికి మాట్లాడే నోరుంది. అదే బేలును లోపల విప్పి, చీర చీరగా అమ్మి, మన గల్లా నింపే పిల్లకు ఉండకూడదంటున్నాం. ఇందులో న్యాయం సంగతి అలా ఉంచండి, లెక్క ఏమిటో నాకు అర్థం కాలేదు.

మనకు తెలియని చరిత్ర ఒకటి ఉంది, ఇది మన పెద్దలకు నచ్చుతుందనుకుంటాను. ఈ దేశంలో ఒక పద్ధతి ప్రకారం ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా పేరొందింది మద్రాస్ లేబర్ యూనియన్. 1918 ఏప్రిల్ 27న మద్రాసులోని పెరంబూరులో పుట్టింది. అప్పుడు మన అనంతపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికుల కోసం పెట్టిన ఆ సంఘానికి అధ్యక్షుడు హోమ్‌రూల్ నాయకుడు బి.పి. వాడియా. కానీ ఆయనను ఇందులోకి లాక్కొచ్చింది ఎవరో తెలుసా? సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు అనే ఇద్దరు. వాళ్లు మిల్లు కార్మికులు కాదు, ఆ పేటలోని వ్యాపారులు. దుకాణానికి వచ్చే కార్మికుల గోడు వినీ వినీ ఇక ఉండబట్టలేక కదిలారు. ఆ గోడుల్లో ఒకటి, మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే సమయం చాలడం లేదని. నాలుగూ పదికి టిఫిన్ డబ్బా తీసిన ఆ అమ్మాయిని చూశాక ఈ సంగతి నాకు వేరుగా వినిపిస్తోంది.

ఆ మిల్లు యాజమాన్యం మనలాగే ఆలోచించింది. సంఘం నాయకుల మీద హైకోర్టులో దావా వేసి నెగ్గింది. నెగ్గితే ఏమైంది? కూలి పెంచమని అడిగినందుకు నాయకులను నష్టపరిహారం కట్టమంటారా అని దేశమంతా అడగడం మొదలైంది, కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టాడు, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సంఘాన్ని అణచబోయి, సంఘాలకు చట్టం తెచ్చిపెట్టారు. మన పెద్దలు ఆ కాగితం చేతులు మార్చేటప్పుడు దీన్ని ఒక్కసారి తలుచుకోవలసింది.

చట్టం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. మన సమావేశంలో ఒకరు, "దుకాణం ఫ్యాక్టరీ కాదు, ఇక్కడ యూనియన్ చెల్లదు" అన్నారు. చెల్లుతుంది. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది, అందులో ఫ్యాక్టరీ అనే మాట లేదు. వాణిజ్యం కూడా కార్మిక చట్టాల దృష్టిలో పరిశ్రమే. 1926 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. నమోదుకు కనీసం ఏడుగురు ఉండాలి, వాళ్లు ఆ సంస్థలో పనిచేసేవాళ్లలో పదో వంతు గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంత ఉండాలి. ఆ షోరూములో ఎనభై మంది పనిచేస్తున్నారు. పదో వంతు ఎనిమిది. వీళ్లు పదకొండు మంది. అడిగే ముందు లెక్క చూసుకునే అడిగారు. మనం నేర్పిన లెక్కలే.

సంఘంలో చేరాడని ఒకరిని పనిలోంచి తీసేయడం, తీసేస్తామని బెదిరించడం చట్టం దృష్టిలో అన్యాయపు కార్మిక పద్ధతి. కొత్త కోడ్‌లో దానికి జరిమానా 10 వేల నుంచి 2 లక్షల దాకా ఉంది. చేతులు మారిన ఆ కాగితం సంగతి మీరే ఆలోచించుకోండి.

పనివేళల సంగతి వేరు. 1988 నాటి మన రాష్ట్ర దుకాణాల చట్టం రోజుకు 8 గంటలంది. 2025లో శాసనసభ దాన్ని 10కి పెంచింది. మనం సంబరపడ్డాం. కానీ వారానికి 48 గంటలనే హద్దు అలాగే ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకు తెరిచి రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తే పన్నెండు గంటలు. తిండికి గంట తీసేద్దాం, నిజానికి అంత దొరకదు. ఆరు రోజులకు 66. శ్రావణం నుంచి దీపావళి దాకా సెలవు లేకపోతే 77. పైన చేసిన 29 గంటలకు రెట్టింపు కూలి కట్టిన దుకాణం మన ఊళ్లో ఒక్కటి చూపించండి, వెళ్లి దండ వేసి వస్తాను. నా దుకాణం కూడా ఆ దండకు తగదు. దసరా నెలలో నేనూ సెలవు ఇవ్వలేదు, ఇంటికి పోతూ చేతిలో అయిదు వందల నోటు పెట్టి అదే పెద్ద ఉదారం అనుకున్నాను.

అదే సవరణ ఆడవాళ్ల రాత్రి పనికి దారి తెరిచింది. వాళ్ల సమ్మతి ఉండాలని, భద్రత, రవాణా యజమానే చూడాలని కూడా అంది. మనకు మొదటి సగమే వినిపించింది.

ఆ సమావేశంలో వచ్చిన మాటలన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. రెండు మూడింటికి నా దగ్గర సగం జవాబే ఉంది.

దసరా ముందు రోజు సమ్మె చేస్తే మన గతి ఏమిటని అడిగారు. ఏడాది వ్యాపారంలో మూడో వంతు దసరా, దీపావళి నెలల్లోనే జరిగే మనకు అది ఉత్త భయం కాదు. కానీ కొత్త కోడ్ ప్రకారం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయడం కుదరదు. సంఘం ఉంటే నోటీసు వస్తుంది, మాట్లాడుకోవడానికి రెండు వారాలు దొరుకుతాయి. సంఘం లేకపోతే? ఆ షోరూములో పోయిన దీపావళికి మూడు రోజుల ముందు పట్టుచీరల విభాగంలో నలుగురు చెప్పకుండా మానేసి, ఇంకో ఊళ్లో చేరారు. అది సమ్మె కాదు, నోటీసు కూడా రాలేదు.

బయటి నాయకులు దూరతారు, పార్టీలు వస్తాయి అన్నారు. రావచ్చు. నాకూ అది ఇష్టం లేదు, దుకాణం ముందు ఏ జెండా ఎగిరినా నాకు నిద్ర పట్టదు. సంఘం కార్యవర్గంలో బయటివాళ్లు మూడో వంతుకు గానీ అయిదుగురికి గానీ మించకూడదని చట్టం హద్దు పెట్టింది. కానీ అసలు సంగతి అది కాదు. పని పోతుందనే భయం లేకుండా మాట్లాడగలిగేవాడు వాళ్లలో ఉంటే బయటివాడు ఎందుకు? మనం ఆ పదకొండు మందిని వెళ్లగొడితే, రేపు వచ్చేది మనం వెళ్లగొట్టలేని నాయకుడే.

ఆన్‌లైన్ వల్ల సగం చచ్చాం, ఇది మిగతా సగం అన్నారు. ఇదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఫోనులో చీర కొనేవాళ్లతో మనం ధరలో పోటీ పడలేం. మన దగ్గర ఉండి ఫోనులో లేనిది ఒక్కటే, ఆ చీరను భుజం మీద వేసి చూపించే మనిషి. "అక్కా, మీ రంగుకు ఇది కాదు, ఆ వంకాయరంగు చూడండి" అని చెప్పగలిగే మనిషి. అలాంటి మనిషి తయారుకావడానికి మూడేళ్లు పడుతుంది. మనం ఎనిమిది నెలలకొకరిని మార్చుకుంటున్నాం. పట్టుకూ ఆర్ట్ సిల్కుకూ తేడా తెలియని కొత్త పిల్లను కౌంటరు దగ్గర నిలబెట్టి, అమ్మకాలు తగ్గాయని ఆన్‌లైన్‌ను తిడుతున్నాం.

అమెరికాలో బఫెలో అనే ఊళ్లో స్టార్‌బక్స్ కాఫీ దుకాణం ఒకటి 2021 డిసెంబరులో కావాలని 19 ఓట్లు, వద్దని 8 ఓట్లు పడి సంఘం పెట్టుకుంది. యాజమాన్యం ఒప్పుకోలేదు. అక్కడి నుంచి అది వందల దుకాణాలకు పాకింది, మొదటి ఒప్పందం కోసం ఏళ్ల తరబడి గుంజాటన సాగింది. అంత పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. కమలానగర్‌లో అద్దె కట్టుకునే మనం తట్టుకోగలమా?

ఇక, "మా పిల్లల్లా చూసుకుంటున్నాం, మధ్యలో సంఘం దేనికి?" అన్న మాట. అన్నవారు మంచివారు, ఆయన దగ్గర పనిచేసే ఒకామెకు ఆపరేషన్ అయితే ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్న సంగతి నాకు తెలుసు. కానీ అయ్యా, ఇంట్లో పిల్ల మూడుసార్లు ఆలస్యంగా వస్తే ఒక పూట అన్నం కోస్తామా? మన దుకాణాల్లో మూడు ఆలస్యాలకు ఒక రోజు జీతం కోస్తున్నాం. పైగా ఆ ఆసుపత్రి ఖర్చు మీరు పెట్టవలసిన అవసరమే ఉండకూడదు. పదిమంది పనిచేసే దుకాణం ఈఎస్ఐ అనే కార్మికుల ఆరోగ్య బీమాలో చేరాలి. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లందరికీ వర్తిస్తుంది. పదకొండు వేల జీతానికి నెలకు యజమాని వాటా 357 రూపాయల 50 పైసలు, ఆ పిల్ల వాటా 82 రూపాయల 50 పైసలు. మన సంచుల మీద పేరు అచ్చు వేయించడానికి అంతకంటే ఎక్కువే ఖర్చు పెడుతున్నాం. దయతో ఇచ్చింది దయ ఉన్నంత కాలమే ఉంటుంది. మీ తరువాత గల్లా మీద కూర్చునే మీ అబ్బాయికి అదే దయ ఉంటుందని మీరు హామీ ఇవ్వగలరా? మా సాహుకారు బంగారం లాంటి మనిషి. ఆయన పోయిన ఆరు నెలలకు ఆయన కొడుకు, నాతో పాటు పనిచేసి ఇరవై ఏడేళ్లు నిండిన ఒక పెద్దాయనను దీపావళి మర్నాడు రావద్దన్నాడు. చేతిలో ఒక పంచెల చాపు పెట్టాడు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు వెళ్లేటప్పుడు చట్టప్రకారం ఇవ్వవలసిన సొమ్ము గ్రాట్యుటీ. ఆ మాట ఆ పెద్దాయనకు తెలియదు, నాకూ అప్పుడు తెలియదు.

ఇంకో మాట విని ఆ రోజు నాకు సిగ్గేసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు కదా. నార్పల నుంచి, కూడేరు నుంచి, గార్లదిన్నె నుంచి వచ్చే పిల్లలకు నెలకు పదిహేను వందల దాకా మిగులుతోంది. ఒకరు లేచి, "బస్సు ఛార్జీ మిగిలింది, ఇక జీతం పెంచడం దేనికి?" అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. ప్రభుత్వం ఆ పిల్ల చేతిలో పెట్టిన డబ్బును మన జేబులోకి లెక్కేసుకున్నాం.

నా స్వార్థం కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం దొంగ ఉత్తరం అవుతుంది. సంఘం వచ్చి బజారు మొత్తానికి ఒకే రేటు అడిగితే, దెబ్బ మొదట తగిలేది నలుగురితో నడిపే నాలాంటివాడికే. మూడంతస్తుల షోరూముకు ఆ బరువు తెలియదు. కాబట్టి నేను సంఘానికి జేజేలు కొట్టడం లేదు. వాళ్లతో కూర్చుంటే, చిన్న దుకాణాలకు వేరే లెక్క ఉండాలని వాదించేవాళ్లలో నేను ముందుంటాను. గట్టిగానే వాదిస్తాను. కానీ వాదించడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా.

నేను అడిగేది పెద్దది కాదు. ఆ కాగితం చించేయండి. ఆ పదకొండు మందిలో ఇప్పటికే ఆరుగురిని తీసేశారని విన్నాను, వాళ్లను వెనక్కి పిలవండి. శ్రావణం రాకముందే, హమాలీలతో కూర్చున్నట్టే, అదే హాల్లో, మన వైపు నుంచి నలుగురు, వాళ్ల వైపు నుంచి నలుగురు కూర్చునే ఏర్పాటు చేయండి. వాళ్లలో ముగ్గురైనా ఆడవాళ్లు ఉండాలి. వాళ్లకు కుర్చీలు వేయించడం మరచిపోకండి.

నా వరకు నేను చేసింది చెబుతాను. ఆ సమావేశంలో నా మౌనాన్ని మీరు సమ్మతిగా లెక్కపెట్టుకుని ఉంటే, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పోయిన వారం మా దుకాణానికి ఒక అమ్మాయి పని అడగడానికి వచ్చింది. పట్టుచీరల కౌంటరు దగ్గర నాలుగేళ్లు చేశానంది. గుర్తుపట్టాను. తనూ నన్ను గుర్తుపట్టింది, తొంభై ఆరు చీరలు విప్పించిన గుంపులో ఊరికే కూర్చున్న ముసలాయన అని. తన పేరు జాబితాలో మూడోది, ముందే చెప్పేస్తున్నాను సార్, తరువాత తీసేయకండి అంది. సోమవారం నుంచి పనిలో ఉంది. నాకు అయిదో మనిషిని పెట్టుకునే స్తోమత నిజానికి లేదు, శ్రావణం గడిస్తే చూడాలి. కౌంటరు వెనక స్టూలు వేశాను. మొదటి రెండు రోజులు కూర్చోలేదు, ఎవరైనా లోపలికి రాగానే ఉలిక్కిపడి లేచేది. నిన్న మధ్యాహ్నం రాప్తాడు నుంచి వచ్చిన తల్లీకూతుళ్లకు స్టూలు మీద కూర్చుని చీరలు చూపించింది. రెండు అమ్మింది.

ఇట్లు,
పాతూరులో చిన్న బట్టల దుకాణం నడుపుకునే మీ తోటి వ్యాపారి